హోరు లేని గది

కొబ్బరి పచ్చడి సగం నలిగిందో లేదో మిక్సీ ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఫ్రిజ్ మీది ఎర్రదీపం కూడా ఆరిపోయి ఉంది. వరండాలో మీటరు బోర్డు కింద స్టూలెక్కి నిలబడి, పీకిన ఫ్యూజులు లాల్చీ జేబులో వేసుకుంటున్నారు మా ఆయన.

"తొమ్మిదికి తీస్తానన్నారుగా," అన్నాను.

"తొమ్మిదైంది."

"మీ వాచీలో అయిందేమో. వంటింటి గడియారంలో ఇంకా కాలేదు."

"వంటింటి గడియారం ఎప్పుడు సరిగ్గా నడిచింది గనక. అది ఇడ్లీలు ఉడికాయో లేదో చూసుకోడానికి పెట్టుకున్నది."

"ఆ ఇడ్లీల్లోకే ఈ పచ్చడి. పలుకులు పలుకులుగా ఉంది. తింటారా?"

"రోట్లో నూరు."

"రోలు కదిలితే మీ గీత వణికిపోతోందని మొన్న మీరేగా దొడ్డిగోడ అవతల పడేయించారు."

ఆయన చివరి ఫ్యూజు జేబులో వేసుకున్నారు. స్టూలు దిగి, అది మోసుకుంటూ లోపలికి నడిచారు. దేవుడి గూడు ముందు వత్తులు చేసుకుంటున్న అత్తయ్య తలెత్తకుండానే, "పలుకులున్నా ఫర్వాలేదులేవే హైమా. నాకున్న నాలుగు పళ్లకీ పని దొరుకుతుంది," అంది.

ఆయన ప్లేట్లో పచ్చడి అందరికన్నా ఒక గరిటె ఎక్కువ వేశాను. మొత్తం తినేశారు. మంచినీళ్లు తాగి, "ఉప్పు సరిపోయింది," అన్నారు. మా ఇంట్లో సంధి కుదిరిందనడానికి అదే గుర్తు.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మా ఇంట్లో కరెంటు తీసేయడం అప్పటికి మామూలైపోయింది. కాకినాడ ఉక్కలో ఫ్యాను లేకుండా వంట చేయడం నేను నేర్చుకున్నాను. పాలవాడు, పేపరు కుర్రాడు, చివరికి కాలింగ్ బెల్లు నొక్కే అలవాటున్న పక్కింటి పార్వతీశం గారు కూడా గేటు తట్టి పిలవడం నేర్చుకున్నారు. అంతా నడిమింట్లో ఉన్న గది కోసం. ఆ గదిలో మా ఆడపడుచు విశాల పడుకుని ఉండేది.

విశాల హైస్కూల్లో సోషల్ టీచరు. బోర్డు మీద నదుల పటం గీస్తూ గీస్తూ కిందపడింది. మెదడులో రక్తం చిమ్మిందన్నారు. ఆపరేషనయ్యాక ఊపిరి నిలబడింది, కళ్లు తెరుచుకున్నాయి, అంతే. ఎవరి వైపూ చూపు తిరగలేదు. వేలు కూడా కదలలేదు. ముక్కులో గొట్టం గుండా జావ పోయాలి, పూటపూటకీ పక్కకి తిప్పాలి. ఆమె భర్త దివాకర్‌ది బ్యాంకు ఉద్యోగం, కూతురు మేధ రెండో తరగతి. వాళ్లది పై వీధే అయినా, చేసేవాళ్లుండాలి కదా అని విశాలని మా ఇంటికే తీసుకొచ్చాం.

మా ఆయన శశిధర్ ఇంజనీరింగ్ కాలేజీలో కొలత పరికరాల పాఠం చెబుతారు. చెల్లెలు అలా అయ్యాక ఆయనకి వేరే ఆలోచన లేకుండా పోయింది. లోపల విశాల ఉందా, లేదా. డాక్టర్లు చెప్పలేకపోయారు. దానికోసం ఆయన ఒక టోపీ తయారు చేశారు. ఊలుతో అల్లింది నేనే. దాని లోపలివైపు చింతగింజలంత పలకలు వరసగా కుట్టించారు. మనిషి దేనిమీదైనా మనసు పెడితే తలచుట్టూ కంటికి కనపడని అయస్కాంతపు అల ఒకటి పుడుతుందట. గదంత పెద్ద యంత్రాలు మాత్రమే పట్టే ఆ అలని ఈ గింజలు పడతాయి.

మొదటిసారి చూపిస్తానని నన్ను కాలేజీ ల్యాబుకి తీసుకెళ్లారు. టోపీ తన తలకే పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద గడ్డిలాంటి సన్నటి గీత, మధ్యలో నిటారుగా ఒక కొండ.

"ఇదేనా మీ ఆలోచన?" అన్నాను.

"కాదు. ట్యూబ్‌లైటుది."

టోపీ తీసి బల్లమీద పెట్టారు. గడ్డి అణిగింది, కొండ మాత్రం అలాగే ఉంది. లైటు ఆర్పారు. కొండ కొంచెం తగ్గింది.

"మిగతాది గోడల్లో వైర్లది, కింది ల్యాబులో మోటార్లది, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌ది. కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. అది ఉన్నంతమేరా ఇలా హోరు పెడుతుంది. తల చెప్పేది గుసగుస. ఇది పెళ్లి బ్యాండు. బ్యాండు పక్కన నిలబడి గుసగుస వినాలి."

ఆ రోజునుంచీ ఆయనకి శత్రువెవరైనా ఉన్నారంటే ఆ యాభై కొండే. చేపలో ముల్లు లాగినట్టు యాభై దగ్గరున్నదంతా లెక్కలోంచి లాగిపారేసే ఏర్పాటు కంప్యూటర్లో పెట్టారు. అదీ చాలలేదు. బయటి హోరు లోపలికి రాకుండా నడిమిగది గోడలకీ కప్పుకీ రాగి జల్లెడ కొట్టించారు. గోడల్లో వైర్లు పీకించారు, సీలింగ్ ఫ్యాను దింపించారు. మెయిన్ రోడ్డు మీద లారీ వెళ్తే మంచం అదురుతోందని కిటికీలకి మందపాటి రబ్బరు పలకలు బిగించారు. విశాల తల దగ్గర పొద్దస్తమానం మోగే రేడియో హాల్లోకి వచ్చింది. ఒక బ్యాటరీ దీపం, బ్యాటరీ మీదే నడిచే తెర లోపల మిగిలాయి. నేను విసనకర్ర పట్టుకుని కూర్చునేదాన్ని. కొన్నాళ్లకి నేనూ ఆ గదిలో మాట్లాడటం మానేశాను. అంత నిశ్శబ్దంలో మాట్లాడితే మన గొంతు మనకే పెద్దగా వినిపిస్తుంది.

అంతకుముందు సాయంత్రాలు ఆ గది మేధది. బడినుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా మంచం చివర ఎక్కి కూర్చుని ఆ రోజు సంగతంతా వాళ్లమ్మకి చెప్పేది. ఎవరు ఎవర్ని గిల్లారు, ఎవరి క్యారేజీలో ఏముంది, డ్రాయింగ్ టీచరు మేధ నెమలిని చూసి కోడి అన్న అవమానం. చెబుతూ చెబుతూ తల్లి గోళ్లకి రంగు వేసేది. మొదటి రికార్డులు తీసిన రోజుల్లో గదిలో ఇంకా ఫ్యానుండేది, జల్లెడ లేదు. మేధ మాట్లాడుతుంటే తెర మీద యాభై కొండ పైకీ కిందికీ ఆడటం నేను చూశాను. ఇదేమిటని అడిగాను కూడా.

"సాయంత్రం పూట అందరూ మోటార్లు వేస్తారు. వోల్టేజి నిలకడగా ఉండదు," అన్నారు ఆయన. అది సబబుగానే తోచింది.

తరవాత మేధ జడపిన్నుల్లో ఇనుముందని వాటిని తీయించారు. కదలకుండా కూర్చోమన్నారు. రెండో తరగతి పిల్ల ఎంతసేపు కదలకుండా కూర్చుంటుంది? చివరికి హాల్లో కూర్చోమన్నారు.

గది సిద్ధమయ్యాక నెలల తరబడి అడిగారు. "విశాలా, ఔనంటే కుడిచెయ్యి ఎత్తుతున్నాననుకో. కాదంటే ఊరుకో." కొండ లేదు. గడ్డి ఉంది. చెయ్యెత్తమన్నా ఎత్తొద్దన్నా అదే గడ్డి. ఊళ్లో పెద్దాసుపత్రివాళ్లు అలాగే పడి ఉన్న మరికొందరిని చూడమంటే, అక్కడా ఒక గది ఇలాగే కట్టించి చూశారు. వాళ్లలోనూ ఎవరూ పలకలేదు. ఆయన రిపోర్టు రాశారు. స్పందన లేదు, ఉన్నదనడానికి ఆధారం లేదు. రాసిన రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని చాలాసేపు ఉన్నారు. నేను తలుపు తట్టలేదు.

ఆ మాట అందరికీ ఆయన చెప్పింది విశాల మంచం దగ్గరే. దివాకర్ అక్కడే నిలబడి బరంపురంలో ఉన్న వాళ్లక్కకి ఫోన్ చేసి, "ఇక్కడ ఎవరూ లేరక్కా, ఒట్టి మనిషి ఆకారం ఉందంతే," అన్నాడు. మేధ మా ఆయన లాల్చీ అంచు పట్టుకుని అడిగింది.

"అయితే అమ్మకి ఏం వినపడదా మావయ్యా?"

"వినపడదమ్మా."

"ఇన్నాళ్లూ చెప్పినవి కూడానా?"

ఆయన ఔనన్నట్టు తలూపారు. మేధ కొంచెంసేపు ఆలోచించి, మంచం కిందనుంచి గోళ్లరంగు సీసా తీసుకుని బయటికి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా దివాకర్ బరంపురం బదిలీ చేయించుకున్నాడు. పిల్ల అక్కడ వాళ్ల మేనత్త దగ్గర చదువుకుంటోంది.

పచ్చడి గొడవ జరిగిన నాటికి అదంతా అయిపోయి ఏడాదిపైనే అయింది. ఇప్పుడు రికార్డు తీస్తున్నది విశాల కోసం కాదు. పరికరం చూడటానికి ఢిల్లీనుంచి ఒక కమిటీ రాబోతోంది. వాళ్లు మెచ్చితే దేశంలో ఎన్నో ఆసుపత్రులకి వెళ్తుంది. పరికరం తనంతట తాను ఎంత శుభ్రంగా ఉందో చూపించడానికి పలకని తల ఒకటి కావాలి. "ఖాళీ రికార్డు" అంటారట దాన్ని. ఆ మాట ఆయన భోజనాల దగ్గర మామూలుగా అనేశారు. అత్తయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ఆ తర్వాత దివాకర్ ఫోన్ చేశాడు. విశాఖపట్నంలో ఇలాంటివాళ్లని చూసుకునే కేంద్రం ఉందని, ఆదివారం వచ్చి మాట్లాడతానని, "మీరు మాత్రం ఎన్నాళ్లని చేస్తారు అక్కయ్యగారూ," అని.

ఫ్యూజులు పీకేశాక నాకు వంటింట్లో పని లేదు. విశాల నైటీలు పాతబడ్డాయి. తొడగడం తేలికవడానికి వీపు వైపు మొత్తం చీల్చి, నాడాలు పెట్టి కుట్టాలి. వరండాలో కాలితో తొక్కే కుట్టుమిషను ముందు కూర్చున్నాను. గదికి అది దూరం కాదు, తలుపుకి ఇవతలే. కరెంటుది కాదు గనక అభ్యంతరం ఉండదనుకున్నాను. అభ్యంతరమంటే చూద్దాంలే అని కూడా అనుకున్నాను.

ఒక అంచు పూర్తయ్యేసరికి ఆయన బయటికి వచ్చారు.

"అది ఆపు."

"దీనికి కరెంటు లేదుగా."

"ఇనుమేగా, ఊగుతోందిగా. తెర మీద కొత్త ముల్లొకటి లేచింది."

"గంటసేపు చేతులు కట్టుకుని కూర్చోమంటారా?"

"కూర్చుంటే పోయిందేముంది."

ఆపాను. ఆయన లోపలికి వెళ్లి వెంటనే మళ్లీ తలుపు దగ్గరికి వచ్చారు. ముఖంలో కోపం లేదు.

"తొక్కు."

"ఆపమన్నారుగా."

"తొక్కు హైమా. మెల్లిగా." కాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డారు. "ఇప్పుడు వేగంగా."

నా కాలు ఎలా నడిస్తే ఆ ముల్లు అలా జరుగుతోందట. మిషను అదురు నేలగుండా గింజలకి తగులుతోందేమో తేల్చుకోవాలన్నారు. విశాల తలనుంచి టోపీ తీసి, అంత బరువున్నదేదైనా కావాలన్నారు. వడియాలకని తెప్పించిన బూడిదగుమ్మడికాయ ఒకటే కనిపించింది. దాన్ని దిండు మీద, విశాల తల పక్కనే పెట్టి టోపీ తొడిగారు.

అత్తయ్య గడపలో నిలబడి చూసింది. "కాయకి జలుబు చేసిందేమిట్రా?"

"అమ్మా, ఒక్క నిమిషం."

నేను తొక్కాను. మెల్లిగా, వేగంగా, ఆపి మళ్లీ. 

"ఏమైంది?" అన్నాను.

"కాయలో ఏం లేదు."

టోపీ మళ్లీ విశాలకి పెట్టారు. నేను తొక్కాను. ముల్లు లేచింది.

ఆయన వరండాలోకి వచ్చి గచ్చు మీదే కూలబడ్డారు. "చెవిలో పడ్డ చప్పుడుకి మెదడు దానంతటదే ఊగుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకీ ఊగుతుంది. దీన్నిబట్టి ఏమీ అనుకోకూడదు," అన్నారు, నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు. తరవాత లేచి లోపలికి వెళ్లారు.

నాకు తెర కనిపించదు. తలుపు సందులోంచి ఆయన గొంతు మాత్రం వినిపిస్తోంది.

"విశాలా, నేను అన్నయ్యని. మీ వదిన మిషను తొక్కుతోంది, వింటున్నావా. ఆ చప్పుడు మీదే ఉండు." కొంత సేపు. "ఇప్పుడు దాన్ని వదిలెయ్. నేను అంకెలు చెప్తాను, నా గొంతు మీద ఉండు. ఒకటి. రెండు. మూడు." కొంత సేపు. "మళ్లీ మిషను."

ఇలా ఎన్నిసార్లు చేశారో. నా పిక్కలు లాగుతున్నాయి. ఒకసారి ఆయన గొంతు మూడో అంకె దగ్గర చెదిరింది. అప్పుడర్థమైంది నాకు, మిషను వినమన్నప్పుడు ముల్లు లేస్తోంది, అంకెలు వినమన్నప్పుడు పడిపోతోంది.

"విశాలా. నేనడిగినదానికి ఔనయితే మిషను విను. కాదనుకుంటే నా అంకెలు విను. నీ పేరు విశాలేనా?"

అంకెలు. తరవాత, "ఔను," అన్నారు పైకే.

"నేను నీ తమ్ముణ్ణా?"

"కాదు."

అత్తయ్య నా పక్కన గచ్చు మీద కూర్చుని మిషను బల్ల కాలు పట్టుకుంది.

"నొప్పిగా ఉందా?" కాదు. "నన్ను గుర్తుపట్టావా?" ఔను. "ఈ గదిలో మేం మాట్లాడుకున్నవి వినపడ్డాయా?" ఔను. "మొదటినుంచీనా?"

ఈసారి అంకెలు అయిపోయాక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడొచ్చింది. నేను అడగలేదు. తొక్కుతూనే ఉన్నాను.

ఆయన బయటికి వచ్చి పెరట్లో తొట్టి దగ్గర ముఖం కడుక్కున్నారు. నేను తువ్వాలు పట్టుకెళ్లాను.

"చెయ్యి ఎత్తుతున్నాననుకోమని అడిగాను. అది తన వల్ల కాలేదు. వినడం, వినకపోవడం. అదొక్కటే దాని చేతిలో ఉంది," అన్నారు. "ఫ్యాను గుయ్యిమంటుంటే, ట్యూబ్‌లైటు చోకు గుయ్యిమంటుంటే, దాన్ని పట్టుకుంటూ వదులుతూ పలుకుతూనే ఉంది. ఆ గుయ్యిమనేది కూడా యాభైయ్యే. మెదడు చప్పుడుతోపాటే ఊగుతుంది కదా. కొండ కింద ఉంది విశాల."

"కొండతోపాటు తీసేశామా?"

"తీసేశాం. తీసేశాక గదిలో చప్పుడే లేకుండా చేశాను. ఇంక దేన్ని పట్టుకుంటుంది?"

మేధ మాట్లాడుతుంటే ఆ కొండ ఆడిన సాయంత్రాలు మా ఇద్దరికీ గుర్తొచ్చాయి. ఆయనే అన్నారు. "మోటార్లన్నాను నీతో."

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. అత్తయ్య ఈసారి గదిలోకే వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"దాహమేస్తోందేమో అడగరా."

కాదు.

"ఉక్కగా ఉందేమో?"

ఔను.

"ఫ్యాను కావాలా తల్లీ?"

ఔను. నేను అడగకుండా ఉండలేక బయటినుంచే, "రేడియో కావాలేమో కనుక్కోండి," అన్నాను. ఔను. కిటికీలు తెరవాలా, ఔను. తలుపు తీసి ఉంచాలా, ఔను. మేధ రావాలా. దీనికి ఆయన అంకెలే చెప్పలేదు. "ఏమంది?" అని అరిచాను. "అంకెలు మొదలుపెట్టకముందే ముల్లు లేచింది," అన్నారు. విశాఖ వెళ్తావా అని కూడా అడిగారు. కాదు.

"అయితే ఫ్యాను పెట్టించు. చప్పుడుండనీ. పూటకో గంట తీసేసి నీ ప్రశ్నలు అడుక్కో," అంది అత్తయ్య.

"కుదరదమ్మా. జల్లెడ చింపి వైరు లాగితే ఈ గది మళ్లీ ఇలా అవడానికి నెలలు పడుతుంది. పూట వైరు, పూట జల్లెడ అంటే రెండూ ఉండవు." ఆయన గొంతు తగ్గించారు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలిసిపోయింది. "విశాలా, విను. నీలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. ఏడాదిపాటు నువ్వు నాకు సాయపడితే ఈ పద్ధతి నిలబడుతుంది. ఏడాది గది ఇలాగే ఉంచాలి. రోజూ అడుగుతాను. ఉంటావా?"

అంకెలు చెప్పారు.

"కాదు," అన్నారు. చాలాసేపటికి, "మళ్లీ అడుగుతున్నాను. ఆర్నెల్లు. ఉంటావా?"

అంకెలు.

"కాదు."

ఆయన మూడోసారి, "విశాలా," అనగానే నేను పాదం తీసేశాను. చక్రం కాసేపు తిరిగి ఆగింది.

"ఆపావేం?"

"చెప్పిందిగా."

"మూడుసార్లు అడగాలి. అది పద్ధతి."

"ల్యాబులో అడగండి మూడుసార్లు."

అప్పుడు తట్టింది నాకు. నా పాదం కిందికి రాగానే విశాలకి ఔననడానికీ కాదనడానికీ కూడా ఏమీ మిగల్లేదు. ఆమె మాట నిలబెడుతున్నాననుకుని ఆమె నోరే మూసేశాను.

"ఒక్కటి అడగనీ. ఇంక అడగను," అన్నారు ఆయన తలుపు దగ్గరికి వచ్చి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మళ్లీ తొక్కాను.

"విశాలా, ఇదంతా తీసేస్తే నీ మాట మాకు అందదు. ఫ్యాను హోరులో ఈ టోపీ గుడ్డిది. నీకు దాహమైనా, నొప్పయినా, మాకు మళ్లీ తెలీదు. అది తెలిసే చెబుతున్నావా?"

ఒకటి, రెండు, మూడు. నిదానంగా చెప్పారు, పిల్లలకి చెప్పినట్టు. పది దాకా వెళ్లారు.

"ఔను," అన్నారు.

ఆదివారం దివాకర్ వచ్చాడు. సంచి హాల్లో పెట్టి, ఎప్పటిలాగే గడపలోంచి గదిలోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి సోఫాలో కూర్చున్నాడు. ఫోన్లో చెప్పే విషయం కాదని మేం ఏమీ చెప్పలేదు. కేంద్రం శుభ్రంగా ఉందని, డాక్టరు రోజూ వస్తాడని, గదికి ఇద్దరే ఉంటారని చెబుతున్నాడు. మా ఆయన వింటూ కూర్చున్నారు. భోజనానికి లేవమన్నాను.

వంకాయ కూర, ముద్దపప్పు, చారు. దివాకర్ పప్పులో నెయ్యి కలుపుకుంటుండగా మా ఆయన అన్నారు.

"గదిలో జల్లెడ రేపు విప్పించేస్తున్నాను. ఢిల్లీవాళ్లని రావద్దని చెప్పేశాను."

"ఎలాగూ ఆమెని పంపించేస్తున్నాం కదా. గది ఖాళీ అవుతుంది," అన్నాడు దివాకర్.

"విశాల ఎక్కడికీ వెళ్లదు. అడిగితే వద్దంది."

"ఎవరు వద్దన్నది?"

"విశాల."

దివాకర్ మా ముఖాలు వరసగా చూశాడు. ఆయన చెప్పారు. కొండ సంగతి, కుట్టుమిషను సంగతి, ఔను, కాదు, అన్నీ. తన రిపోర్టు తప్పని కాలేజీకీ ఆసుపత్రికీ చెప్పానన్నారు. "ఆసుపత్రిలో చూసినవాళ్లున్నారు. ఒకాయన పోయాడట. మిగతా ఇళ్లకి నేనే వెళ్తాను. నామాట నమ్మి వాళ్లూ తలుపులు వేసేసుకుని ఉంటారు. మీ మనిషి వింటున్నాడేమో, మాట్లాడుతూ ఉండండి అని చెప్పొస్తాను. అంతకన్నా చేయగలిగింది ఇప్పట్లో లేదు."

"మొదటినుంచీ వింటోందా?" అన్నాడు దివాకర్.

"మొదటినుంచీ."

"నేను ఫోన్లో మా అక్కతో అన్నది..."

అతను చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

"నా గురించి ఏమైనా అందా బావగారూ?"

"తనంతట తాను అనలేదు. మనం అడిగినదానికి ఔను, కాదు. అంతే."

"నా గురించి అడిగారా?"

"లేదు."

"జల్లెడ రేపు కదా విప్పేది. ఇవాళ అడగొచ్చు." అన్నాక తనే తల అడ్డంగా ఊపాడు. "వద్దులెండి. అడగొద్దు."

అత్తయ్య అతని కంచంలో చారు పోసింది. "తిను నాయనా," అంది.

అతను రెండు ముద్దలు తిన్నాడు. తరవాత అందరికీ వినపడేలా, బ్యాంకులో లెక్క ఒప్పజెప్పేటప్పుడు మాట్లాడినట్టు, ఒక్కో మాటే చెప్పాడు.

"బడికి సెలవులివ్వగానే మేధని తీసుకొస్తాను. ఇక్కడే చేరుస్తాను. నేనూ వెనక్కి బదిలీ అడుగుతాను, ఎప్పుడిస్తే అప్పుడు. వాళ్లమ్మకి అన్నీ వినపడ్డాయని, నేను తప్పు చెప్పానని చెప్తాను. చెబితే వింటుంది గానీ తిరిగి జవాబు రాదని కూడా నేనే చెప్తాను."

"మేనమామని, నేను చెప్పాను తప్పు," అన్నారు మా ఆయన.

"ఇద్దరం చెబుదాం లెండి."

దివాకర్ ఎంగిలిచేత్తోనే లేచి గది వైపు రెండడుగులు వేశాడు. గడప దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"ముందు తనకి చెప్పాలి కదా ఈ సంగతి. ఏమని మొదలుపెట్టాలి అక్కయ్యగారూ?"

నేను స్టూలు తెచ్చి మంచం పక్కన వేశాను.